గాజు బల్లకు అవతల మా చెల్లెలు

జనవరి 9, బుధవారం

మారుకిచి డిపార్ట్‌మెంట్ స్టోరు మూసేస్తున్నారు. మార్చి 31 ఆఖరు.

చేపల కొట్టు కియె గారు చెప్పింది. "విన్నారా అమ్మగారూ, మారుకిచికి తాళం పడుతోందంట. ఇంక ఈ సకాటాలో మంచి జత బూట్లు కావాలన్నా అకితా రైలెక్కాల్సిందే."

"ఆ లోకం గొడవ మనకెందుకు కియె గారూ" అన్నాను. అన్నాను గాని, పులుసుకని కొన్న తారా చేప కొట్లోనే మరిచి వచ్చేశాను.

మారుకిచి కింది అంతస్తులో, తలుపు తీయగానే వాసన కొట్టే ఆ వరసలో, మా చెల్లెలు మిసావో ముప్పై ఒక్క ఏళ్ళుగా ముఖాలకు రంగులు అమ్ముతోంది. నన్ను అక్కా అని పిలిచి పదకొండేళ్ళయింది. వీధిలో ఎదురైతే అవతలి పక్కకు దాటేస్తుంది. ఫోను తీయదు. కొత్త సంవత్సరం కార్డు పదకొండు సార్లు పంపాను, ఒక్కసారీ జవాబు లేదు. ఆ గాజు బల్ల ముందు కూర్చున్న వాళ్ళను మాత్రం ఆమె పొమ్మనలేదు. అది ఆమె ఉద్యోగం. ఈ భూమి మీద ఆమె నాతో మాట్లాడక తప్పని చోటు అదొక్కటే.

ఎనభై ఒక్క రోజులున్నాయి. లోకమంతా ముంచడానికి ప్రభువుకు నలభై రోజుల వాన సరిపోయింది.

తప్పిపోయిన గొర్రె కోసం వెళ్తున్నాను. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, రేపు సాతాను నా చేత వేరే కారణం చెప్పించకుండా.

జనవరి 16, బుధవారం

వెళ్ళాను.

నల్ల కోటు, ఛాతీ మీద 'తోగాషి' అని చిన్న బిళ్ళ. విడాకులైనా ఆ ఇంటిపేరే ఉంచుకుంది. మా ఇగరాషి పేరు వెనక్కి తెచ్చుకోలేదు. యాభై నాలుగేళ్ళ మనిషి, ముఖాన ఒక్క మచ్చ కనపడనివ్వలేదు.

"స్వాగతం అండి. చలిలో శ్రమపడి వచ్చారు."

"మిసావో" అన్నాను.

"ఫౌండేషన్ చూస్తారా అండి, లిప్‌స్టిక్ చూస్తారా?"

గొంతులో పట్టు దారం మీద వేలు జార్చినట్టు ఒక మెత్తదనం. ఎక్కడా ముడి తగలదు. నేను రాత్రంతా కూడబెట్టుకున్న వాక్యాలన్నీ ఆ మెత్తదనం మీద కాలు జారి పడ్డాయి.

"ఫౌండేషన్" అన్నాను. ఆ మాట నా నోట రావడం ఇదే మొదలు.

కూర్చోబెట్టింది. మెడకు తెల్లటి గుడ్డ కట్టింది. నా నుదుటి జుట్టు రెండు క్లిప్పులతో వెనక్కి తీసింది. "ఇంతవరకు ఏం వాడుతూ వచ్చారండి?"

"ఏదీ వాడలేదు. నీకు తెలుసు."

"అయితే ఇదే మొదటిసారి. మాకు చాలా సంతోషం అండి."

దవడ అంచున మూడు గీతలు గీసింది, ఒకటి గులాబి, ఒకటి పసుపు, ఒకటి రెంటికీ మధ్య. చేతి అద్దం ఇచ్చి తలుపు దాకా నడిపించి, "దీపాల కింద అన్నీ అందంగానే ఉంటాయండి. పగటి వెలుతురులో చూసుకోవాలి" అంది. ఇంత మంచి వాక్యం నేను ప్రార్థన కూటం వేదిక మీద ఏడాదిగా చెప్పలేదు. మధ్య గీత కనపడలేదు. చర్మంలో కలిసిపోయింది. అదే నాది అట.

పదకొండేళ్ళ తర్వాత నా చెల్లెలి వేళ్ళు నా ముఖం మీద తిరిగాయి. చల్లగా ఉన్నాయి. చిన్నప్పుడూ అంతే.

వాక్యం చెప్పలేదు. స్పాంజి నోటి పక్కనే తిరుగుతుంటే ఎలా చెప్పను?

సీసా కొన్నాను. కొనకపోతే మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను.

జనవరి 20, ఆదివారం

కూటానికి ఐదుగురు వచ్చారు. ఒనోదెరా తాత నిద్రపోయాడు.

పొద్దున ఆ సీసా తీసి కొద్దిగా రాసుకున్నాను. ఆమె చూపించినట్టు చేయగలనో లేదో చూడటానికే. తర్వాత నీళ్ళతో కడిగితే పోలేదు, సబ్బుతోనూ పూర్తిగా పోలేదు. మన కూటం గది ఒకప్పటి మంగలి దుకాణం, గోడంతా అద్దాలు. పదేళ్ళ కిందట నేనే వాటికి తెల్ల గుడ్డలు కప్పించాను. కాబట్టి ఎలా ఉన్నానో చూసుకోలేక అలాగే నిలబడ్డాను.

కియె గారు దగ్గరకొచ్చి, "ఏంటమ్మగారూ, మొహంలో వెలుగు కనపడుతోంది ఇవాళ?" అంది.

"రాత్రంతా ప్రార్థనలో ఉన్నాను" అన్నాను.

"కొండ దిగొచ్చిన మోషేకి మల్లే ఉన్నారు." చేతులు జోడించింది ముసలావిడ.

నేను కాదనలేదు. ప్రభువా, నేను కాదనలేదు.

జనవరి 30, బుధవారం

ఇవాళ రెండు రకాలు చూపించింది. ఒకటి పారిస్ నుంచి వచ్చింది. మూత తీస్తే గులాబీ తోట. బంగారు రంగు మూత బరువుగా, ఎవరో పెద్దింటి తాళంచెవిలా ఉంది. ముఖానికి పట్టు పరదా కప్పినట్టుంది గాని కింద నేను లేను. రెండోది మన దేశంలో చేసింది, వాసన లేదు, నీళ్ళలా పలచన. "ఇది సకాటా గాలికి నిలుస్తుందండి. ఉప్పుగాలి, అడ్డంగా కొట్టే మంచు, దేనికీ చెదరదు. మొదటిది రాజధాని వాళ్ళకు, కార్లలో తిరిగే వాళ్ళకు."

"నువ్వేది వాడతావు?" అన్నాను.

"మా దగ్గర ఉన్నవన్నీ వాడి చూస్తామండి. లేకపోతే చెప్పలేం కదా."

పక్కన ఉండే కోమత్సు అనే పిల్ల తొంగి చూసి నవ్వింది. "తోగాషి గారూ, గమనించారా? మీ చెవులూ ఈవిడ చెవులూ అచ్చం ఒక్కలాగే ఉన్నాయి!"

నా చేయి చెవి మీదకు పోయింది.

"ఒకే ఊరి వాళ్ళం కదా" అంది మిసావో, స్పాంజి మడత మార్చుకుంటూ. "కోమత్సు, ఆ కుర్చీ తుడిచావా?"

ఫిబ్రవరి 6

వెళ్ళాను. మూడు లిప్‌స్టిక్‌లు. వాక్యం చెప్పలేదు. వచ్చేటప్పుడు బస్సులో మాస్కు పెట్టుకున్నాను. జలుబుల కాలం, ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 12, మంగళవారం

కార్డు వచ్చింది!

ఆమె రాత. సొంత చేత్తో, కలంతో. పదకొండేళ్ళకు. "ఈ మధ్య మా దగ్గరికి వచ్చినందుకు మనసారా కృతజ్ఞతలు. మిమ్మల్ని కలిసే ప్రతిసారీ నాకు ధైర్యం కలుగుతోంది. గాలులు ఇంకా చల్లగా ఉన్నాయి, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. మళ్ళీ మిమ్మల్ని చూసే రోజు కోసం ఎదురుచూస్తాను."

ధైర్యం కలుగుతోందట. నా కోసం ఎదురుచూస్తుందట.

మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. యాకోబు అన్నకు భయపడి ఏడుసార్లు నేల వరకు వంగుతూ వెళ్తే, ఆ అన్న పరుగెత్తుకొచ్చి మెడ మీద పడ్డాడు. అప్పుడు యాకోబు అన్న ముఖంలో దేవుని ముఖం చూశాడు. నేను బల్ల ముందు మూడుసార్లే వంగాను. ఇంకో నాలుగున్నాయి.

కార్డు బైబిల్లో ఆ అధ్యాయంలోనే పెట్టాను.

ఫిబ్రవరి 17, ఆదివారం

కూటం అయ్యాక టీ తాగుతున్నప్పుడు కియె గారు సంచిలోంచి ఒక కార్డు తీసింది. "చూడండమ్మగారూ, ఎంత మర్యాదో! చేతులు పగిలాయని మారుకిచిలో ఒక డబ్బా కొన్నాను అంతే. ఆ తోగాషి గారట, ఎంత చక్కగా రాసిందో. నన్ను కలిస్తే ఆవిడకి ధైర్యం కలుగుతోందంట! చేపల వాసన కొట్టే ముసలిదాన్ని చూసి!" పకపకా నవ్వింది.

అక్షరం మారలేదు. గాలులు కూడా అవే.

"కొన్నవాళ్ళందరికీ రాస్తారంట" అంది. "అదొక్కటే వాళ్ళ నేర్పు."

"మంచిదే" అన్నాను.

ఫిబ్రవరి 18, సోమవారం

ఆనాడు నేను చేసింది న్యాయమే. పదకొండేళ్ళుగా అదే అనుకుంటున్నాను. ఇవాళ రాస్తాను. రాస్తే ఇంకా న్యాయంగా కనపడుతుందేమో.

అమ్మ పన్నెండో ఏట నుంచి కుసుమ పూల చేలకు పనికెళ్ళింది. తెల్లవారకముందే, మంచుకు ముళ్ళు మెత్తబడి ఉండగానే కోయాలి. ఎండ పడితే చేతులు చీరుకుపోతాయి. ఆ పూల ఎరుపు వెనకటి కాలంలో ఈ రేవు నుంచి పడవలెక్కి క్యోటో దొరసానుల పెదవులకు పోయేదట. కోసిన ఆడవాళ్ళ పెదవులకు ఎన్నడూ తగల్లేదు. అమ్మ నవ్వుతూ చెప్పేది, "మా దగ్గర ముళ్ళు ఉంచేసుకుని రంగు వాళ్ళకి పంపేవాళ్ళం" అని.

ఆసుపత్రిలో చివరి వారం మిసావోతో అందట, "ఒక్కసారి నాకూ పెట్టవే." నాతో అనలేదు. నాతో అంటే ఏమవుతుందో అమ్మకు తెలుసు.

శవపెట్టె మూత వేసేముందు మిసావో తన సంచి తీసింది. చిన్న కుంచెతో అమ్మ పెదవులు దిద్దింది. ఎంత నెమ్మదిగా దిద్దింది! అమ్మ ముఖం నేనెరగని ముఖంలా మారింది, ఇరవై ఏళ్ళ అమ్మాయిలా. సంఘమంతా చూస్తోంది. అప్పట్లో ముప్పై మంది ఉండేవాళ్ళం. నేను కొత్తగా వేదికెక్కిన రోజులు. నా సొంత తల్లి రంగు పూసుకుని ప్రభువు ఎదుటికి పోతే, రేపు నేను ఎవరికి ఏం చెప్పగలను?

తడి తువ్వాలు తెచ్చాను. కిటికీలో కూర్చుని కళ్ళకు రంగు దిద్దుకుని కుక్కల పాలైన రాణి సంగతి బైబిల్లోంచి బిగ్గరగా చదువుతూ తుడిచాను. ఒక్కసారికి పోలేదు. గట్టిగా రుద్దాను. ఎరుపు గడ్డం దాకా పాకింది. ఇంకా రుద్దాను. పెదవి పక్కకు తిరిగి అలాగే ఉండిపోయింది, ఇక సరికాలేదు.

అలాగే మూత వేశాం.

మిసావో కుంచె కడుక్కుని సంచిలో పెట్టుకుంది.

న్యాయమే అని రాద్దామని కూర్చున్నాను.

ఫిబ్రవరి 27, బుధవారం

అడిగేశాను. "అమ్మకు పెట్టావే, ఆ రంగు చూపించు."

ఆమె కళ్ళు నా మీద నుంచి కదల్లేదు. సొరుగు లాగలేదు, పుస్తకం తిప్పలేదు.

"ఆ రంగు తయారు చేయడం ఆపేశారండి."

"దగ్గరగా ఉండేది ఏదైనా..."

"దగ్గరగా ఉండేది లేదండి. కావాలంటే మీకు నప్పేది వేరే చూపిస్తాను."

వేరేది పెట్టింది. ఇటుక రంగు. నాకు నప్పింది. అదే బాధ, నప్పింది.

మార్చి 6

మంచు. బస్సు లేదు.

మార్చి 13, బుధవారం

సెలవులో ఉందట. కోమత్సు అనే పిల్ల నా ముఖం చేసింది. ఈ పిల్ల చేతులు వెచ్చగా ఉంటాయి. "మూసేశాక తోగాషి గారు ఎక్కడికెళ్తారో తెలుసా?" అని అడిగాను. "మాకే చెప్పలేదండి. అసలు తన గురించి ఏమీ చెప్పరు. అమ్మ పోయాక నాకెవరూ లేరని ఒకసారి అన్నారు, అంతే."

"పాపం" అంది ఆ పిల్ల.

"పాపం" అన్నాను నేనూ.

మార్చి 24, ఆదివారం

నలుగురు. ఇంట్లో మనసు విరిగిన తోబుట్టువు కోట గడియల కంటే గట్టిది అని సామెతల గ్రంథంలో ఉంది. దాని మీద మాట్లాడాలనుకున్నాను. నోరు విప్పితే పాత ప్రసంగమే వచ్చింది, రంగులూ రాణులూ నరకమూ. ఒనోదెరా తాత ఆమెన్ అన్నాడు. తాతకు చెవులు వినపడవు.

మార్చి 31, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది గంటలకు కూటం మొదలుపెట్టాను. బలిపీఠం దగ్గర నీ అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్ళి నీ సోదరునితో సమాధానపడు, తర్వాత రా అన్న మాట చదివాను. నిలువునా ఆగిపోయాను. పన్నెండేళ్ళు వాక్యం చెప్పాను, ఎదుటివాళ్ళకు చెప్పాను. పుస్తకం మూశాను.

"అమ్మగారూ, ఒంట్లో బాగాలేదా?" అంది కియె గారు.

"నేను మారుకిచికి వెళ్ళాలి."

"ఇప్పుడా? కూటం మధ్యలోనా? ఏం కొనడానికి?"

"మా చెల్లెలు ఉంది అక్కడ. తోగాషి. మా అమ్మ కడుపున పుట్టిన చెల్లెలు."

కియె గారు లేచి నా కోటు తెచ్చి తొడిగింది. "వెళ్ళండి. పాట మేం పాడుకుంటాం" అంది.

ఊరంతా అక్కడే ఉంది. ఏనాడూ ఏదీ కొనని వాళ్ళంతా వచ్చి, అరలకు ఫోటోలు తీస్తూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆమె వరసలో తొమ్మిది మంది. మూడు గంటలు నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి అరల్లో సరుకు లేదు, చూపించే నమూనాలే మిగిలాయి.

"స్వాగతం అండి. ఇంతసేపు నిలబెట్టినందుకు క్షమించాలి."

ఆ మాట నేను అనాల్సింది. ముందు తనే అనేసింది, రోజూ అందరితో అనేదే.

గుడ్డ కట్టింది. ముఖం తుడిచింది, దూది ముఖానికి తగిలీ తగలనట్టు. ఫౌండేషన్ వేసింది. ఇక లిప్‌స్టిక్ కుంచె చేతికి తీసుకుంది. అది పెదవికి తగిలితే మాట్లాడలేనని, గబగబా అన్నాను.

"మిసావో. అమ్మ నోటి మీద నేను తువ్వాలు పెట్టాను. అది తప్పు. దేవుని కోసం కాదు, ఆ ముప్పై మంది కోసం చేశాను. అమ్మ ముఖం పాడుచేశాను. నేను అడ్డం పెట్టుకోవడానికి ఏ వాక్యమూ లేదు. నన్ను క్షమించమ్మా."

నా వెనక వరసలో వాళ్ళు మెడలు చాచి చూశారు. కోమత్సు చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

మిసావో కుంచె గాలిలో ఆగింది. దాని కొస ఒకసారి వణికింది. నేను చూశాను. ఆ వణుకు నేను చూశాను, ఎవరేమన్నా సరే.

"పెదవులు కొద్దిగా తెరవండి" అంది.

తెరిచాను. దిద్దింది. ఒక మూల నుంచి మధ్యకు, రెండో మూల నుంచి మధ్యకు. తొందరపడలేదు. కాగితం ఇచ్చి పెదవుల మధ్య అద్దుకోమంది. నా మెడ గుడ్డ విప్పింది.

"చాలా కాలం ఆదరించారు, కృతజ్ఞతలండి. ఇక్కడ మూసేస్తున్నాం కాబట్టి మీ వివరాలు అకితా దుకాణానికి రాసి పంపాను. కుదో గారని, మంచి చేయి. అక్కడ మీకు ఏ లోటూ ఉండదు."

"నాకు దుకాణం వద్దు మిసావో."

"జాగ్రత్తగా వెళ్ళి రండి."

లేచి నిలబడి వంగింది. నడుము దాకా, చేతులు ముందుకు కలిపి. నేను కదిలేవరకు లేవదని తెలుసు. అందుకే కదల్లేదు. తలలో పాపిడి దగ్గర వేలెడు తెల్ల జుట్టు. రంగు వేసుకోవడం కూడా మానేసిందా, తీరిక లేకనా? అలాగే ఉంది. వెనక ఎవరో దగ్గారు. చివరికి నేనే కదిలాను.

ఏడు గంటలకు అందరూ బయట నిలబడ్డారు. ఉద్యోగస్తులంతా గుమ్మంలో వరసగా వంగి ఉండగా షట్టరు దిగింది. తలలు పోయాయి, చేతులు పోయాయి. చివరికి జానెడు సందులో నల్ల బూట్లు మాత్రం కనపడ్డాయి, ముప్పై నలభై జతలు. ఏవి ఆమెవో నాకు తెలియలేదు.

ఏప్రిల్ 4

ఇల్లు ఖాళీ చేసిందట. కియె గారు కనుక్కుని వచ్చింది. తలుపు మీద పేరు కూడా లేదట.

ఏప్రిల్ 7, ఆదివారం

వేదిక ఎక్కలేదు. కియె గారు కీర్తన చదివింది, సగం తప్పులతో. బాగుంది.

ఏప్రిల్ 14

ఆమె నా గురించి ఏదో రాసి పంపింది. కుదో అనే మనిషికి. అందరికీ రాసే కార్డు కాదు అది, నా ఒక్కదాని గురించి రాయాల్సిందే. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి, ఆ కుంచె వణికిన మనిషి, అందులో ఏదో ఒక మాట పెట్టి ఉంటుంది. నా ముఖం మీద చెప్పలేనిది. అందుకే కదా దుకాణం పేరు అంత విడమర్చి చెప్పింది? మనిషి పేరు కూడా చెప్పింది. ఊరికే చెబుతుందా?

బుధవారం వెళ్తాను.

ఏప్రిల్ 17, బుధవారం

అకితా. రైలు సముద్రం పక్కనే పోయింది. ఇటుక రంగు పెట్టుకుని వెళ్ళాను, మాస్కు లేకుండా.

కుదో గారు నిజంగానే మంచి చేయి. ముప్పై ఏళ్ళుంటాయి. నా పేరు చెప్పగానే ముఖం విప్పారింది. "ఇగరాషి గారా! తోగాషి గారు చెప్పారండి, మీరు తప్పకుండా వస్తారని."

"అలా అందా?"

"కాగితం కూడా పంపారు. ఉండండి."

సొరుగులోంచి తీసింది. తన వైపు పెట్టుకుని చదువుతోంది. నాకు తలకిందులుగా కనపడుతోంది. అయినా ఆ రాత నాకు తలకిందులుగానూ వస్తుంది, ఆమెకు అక్షరాలు దిద్దించింది నేనే.

ఇగరాషి ఇకుయో. అరవై రెండు. చర్మం పలచన, చలికి బుగ్గలు ఎర్రబడతాయి. పసుపుకూ గులాబికీ మధ్య ఛాయ. వాసన ఉన్నవి వద్దు. కింది పెదవి ఎడమ పక్క కొంచెం సన్నం, కుంచెతో సరిచేయాలి. తుడిచేటప్పుడు గట్టిగా రుద్దకూడదు. నెమ్మదిగా మాట్లాడాలి, తొందరపెట్టకూడదు. ఇంటి సంగతులు అడగవద్దు.

దాని కింద ఒక అచ్చు గడి. బంధువులు. అందులో చిన్నగా, ఎక్కడా చేయి తడబడకుండా రాసి ఉంది: లేరు.

రెండోసారి చదివాను. వెనకేమైనా ఉందేమోనని, "ఆ కాగితం ఒకసారి చూడొచ్చా అమ్మా" అని అడిగాను. ఇచ్చింది. వెనక ఖాళీ.

"చూసుకోండి, మీ వివరాలే కదా. మేం కూడా మీతో ఒకసారి సరిచూసుకోవాలి, అది ఇక్కడి పద్ధతి" అంది కుదో గారు. "తప్పేమైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను." కలం మూత తీసి పట్టుకుని కూర్చుంది.

నా వెనక వరసలో ఎవరూ లేరు. తొందరపెట్టే వాళ్ళు లేరు. ఆ పిల్ల కలం పట్టుకుని ఎంతసేపైనా ఉండేదే.

"తప్పేమీ లేదమ్మా" అన్నాను.

"అయితే ఇక్కడ సంతకం చేయండి."

చేశాను.